ఆ ఫొటోలో బుడగలు కరెంటు కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో తెల్లపొడితో నడిచే ఫ్యూయల్ సెల్ (ఇంధనాన్ని కాల్చకుండా నేరుగా కరెంటుగా మార్చేది) అని సోడియం బోరోహైడ్రైడ్ గురించి వేసినారు కదా, దాని మీదే ఈ లెటర్ రాస్తా ఉండాను. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్‌గా చేరి, ల్యాబ్ అసిస్టెంట్‌గా రిటైర్ అయినోడిని. ఇప్పుడు ఇంట్లో పొద్దుపోక మా అల్లుడి ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో కూర్చుంటా ఉంటా. కాబట్టి ఆ పొడీ కొంచెం తెలుసు, బ్యాటరీలూ కొంచెం తెలుసు, రెండిటి మధ్యలో ఇరుక్కున్నానని అనుకోండి.

ఇరుక్కోవడం ఎందుకంటే మీ ఆర్టికల్ వచ్చిన మర్నాడే ఒక ఆటో అబ్బాయి ఆ పేజీ కత్తిరించుకొని షాపుకు తెచ్చినాడు, సామీ ఇది ఎప్పుడొస్తుంది, చార్జింగ్ పెట్టే పనే లేదంట కదా, పొడి కలుపుకొని పోతా ఉండొచ్చంట కదా అని. అలిపిరి నుంచి కొండకి కరెంటు బస్సులు పోతా ఉంటే చూస్తానే ఉన్నాడు కాబట్టి తన ఆటోకి కూడా ఏదన్నా వస్తుందేమోనని ఆశ. సాయంత్రానికి ఒక లాడ్జి మేనేజరు వచ్చి, బ్యాటరీలు మార్చడం ఒక ఏడాది ఆపుదామనుకుంటున్నాం సార్, కొత్త టెక్నాలజీ వస్తా ఉంది కదా అన్నాడు. మా అల్లుడు నా వంక చూసినాడు, మామా నీ కెమిస్ట్రీ వచ్చి నా బేరం చెడగొట్టింది అని. నవ్వుతానే అన్నాడు గానీ సగం నిజమే.

ఆర్టికల్‌లో రాసింది చాలా వరకు తప్పేం కాదు. తప్పంతా ఫొటోలో ఉంది. గాజు బీకర్‌లో రేకు ముక్క, దాని చుట్టూ గోలీ సోడా కొట్టినట్టు బుస్సున బుడగలు, కింద "బుడగల రూపంలో పుడుతున్న విద్యుత్" అని రాసినారు. సార్, ఈ రకం సెల్‌లో ఆ బుడగలు కరెంటు కాదు, కరెంటుగా మారకుండా పారిపోయిన సరుకు. బుడగలు ఎంత ఎక్కువొస్తే ఆ సెల్ అంత పనికిమాలినది. చూసేవాళ్లకి మాత్రం బుడగలే ఘనంగా కనబడతాయి, అదే వచ్చిన చిక్కు.

కొంచెం ఓపిగ్గా చదవండి, సులువుగానే చెప్తా. సోడియం బోరోహైడ్రైడ్‌లో ఒక బోరాన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. బరువులో చూస్తే వందకి పదిన్నర పైన హైడ్రోజనే. ఈ హైడ్రోజన్ మామూలు హైడ్రోజన్ లాంటిది కాదు, దాని దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉంటుంది, దాన్ని హైడ్రైడ్ అంటారు. అంటే ఒక్కోటి రెండేసి ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు, నాలుగూ కలిసి ఎనిమిది. ఈ ఎనిమిదినీ వైరు గుండా పంపించగలిగితే అదే మన కరెంటు, డైరెక్ట్ బోరోహైడ్రైడ్ ఫ్యూయల్ సెల్ అంటే ఇంతే. అయితే ఈ హైడ్రైడ్‌కి పక్కనే నీళ్లు కనబడితే ఆగదు, నీళ్లలో ఉండే హైడ్రోజన్‌తో జత కట్టేసి గ్యాస్ అయి పైకి లేచిపోతుంది, ఎలక్ట్రాన్లు వైరు మొహం కూడా చూడవు. మీ ఫొటోలో ఉన్నది ఆ పెళ్లే.

అట్లాంటి పెళ్లి నేను కళ్లారా చూసినా. పీజీ పిల్లలకి వెనిలిన్‌ని ఆల్కహాల్‌గా మార్చే ప్రాక్టికల్ ఉండేది, ల్యాబంతా ఐస్‌క్రీం వాసన, ఐసులో పెట్టిన ఫ్లాస్కులోకి ఈ పొడి చిటికెడు చిటికెడు వేయాలి, తొందరపడి స్పాచులా నిండా వేస్తే పొంగి చేతి మీదికొస్తుంది. ఒకసారి ఎండాకాలంలో ఒక ప్రాజెక్ట్ అబ్బాయి మూడు గ్రాముల పొడిని ఉత్త నీళ్లలో కలిపి, మిగిలింది రేపు వాడుకుందామని చిన్న రియేజెంట్ బాటిల్‌లో పోసి గ్లాస్ స్టాపర్ బిగించి అన్నానికి పోయినాడు. నేను రిజిస్టర్ రాసుకుంటా ఉన్నా. టప్ మని శబ్దం, స్టాపర్ ఎగిరి పైన ట్యూబ్ లైటుకి తగిలి అది పగిలి టేబుల్ మీదంతా పడింది. ఎవరికీ ఏం కాలేదు, దేవుడి దయ. తర్వాత లెక్క వేసి చూస్తే ఒక్క గ్రాము పొడిలోంచి రెండున్నర లీటర్ల దాకా హైడ్రోజన్ వస్తుంది, మూడు గ్రాములంటే మొత్తం ఏడు లీటర్ల పైన, అందులో కొంత చాలు ఆ చిన్న బాటిల్‌కి. తమాషా ఏంటంటే ఆ హైడ్రోజన్‌లో సగమే పొడిది, మిగతా సగం నీళ్లది. ట్యూబ్ లైటు డబ్బులు మాత్రం నాకు నోటీసు వచ్చింది, అది వేరే కథ.

ఇప్పుడు సెల్‌లో ఏం చేస్తారంటే ఆ పొడిని ఉత్త నీళ్లలో కాకుండా కాస్టిక్ సోడా నీళ్లలో కలుపుతారు, పది ఇరవై పర్సెంట్ కాస్టిక్. క్షారం ఎక్కువుంటే పొడి నీళ్ల జోలికి పోకుండా బుద్ధిగా ఉంటుంది. ఎంత బుద్ధిగా అంటే, పీహెచ్ (అది పెరిగితే క్షారం పెరిగినట్టు) 10లో 25 డిగ్రీల దగ్గర సగం పొడి ఖర్చయిపోవడానికి గంట చాలు, అదే పీహెచ్ 14లో అయితే ఏడాది దాటుతుంది. కానీ అది 25 డిగ్రీల లెక్క అబ్బా. మన తిరుపతి కత్తెర ఎండల్లో షాపులో ఫ్యాను కింద కూర్చున్నా నలభై ఉంటుంది, ఆ వేడికి ఏడాది పైన ఉండేది నాలుగైదు నెలలకి దిగిపోతుంది. బెంగళూరులో టెస్ట్ చేసింది రేణిగుంటలో అట్లే పని చేస్తుందని అనుకోకూడదు, లెడ్ యాసిడ్ బ్యాటరీతోనే మాకు ఈ అనుభవం బాగా ఉంది.

ఆ ద్రవాన్ని పంపుతో ఆనోడ్ మీదికి, అంటే ఎలక్ట్రాన్లు బయటికొచ్చే వైపు ఉండే లోహం మీదికి పంపిస్తారు. అక్కడ బోరోహైడ్రైడ్ తన ఎనిమిది ఎలక్ట్రాన్లు వదిలేసి బోరేట్ అవుతుంది, కొంచెం నీళ్లు పుడతాయి. ఎలక్ట్రాన్లు వైరులో బయటికొచ్చి మన బల్బునో మోటారునో తిప్పి, అవతల కేథోడ్ దగ్గరికి పోయి గాలిలో ఉండే ఆక్సిజన్‌తో కలుస్తాయి. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ కాగితం లాంటి మెంబ్రేన్ ఉంటుంది, సోడియం అయాన్లనో హైడ్రాక్సైడ్ అయాన్లనో మాత్రం దాటనిస్తుంది, ఏది దాటాలనేది ఎంచుకున్న మెంబ్రేన్‌ని బట్టి. కాగితం మీద ఒక సెల్‌కి 1.64 వోల్టులు వస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ పెట్టి నడిపే సెల్‌కి 1.23 మాత్రమే, అందుకే దీని మీద సైంటిస్టులకి అంత మోజు. దీన్ని, పొడిలోంచి ముందు హైడ్రోజన్ తీసి ఆ గ్యాస్‌ని వేరే సెల్‌లోకి పంపే పద్ధతితో కలపకూడదు. ఆ పద్ధతిలో అయితే బుడగలు కావాలి, రుథీనియమో కోబాల్టో క్యాటలిస్ట్ (పని వేగం పెంచే లోహం) పెట్టి మరీ తెప్పిస్తారు. మీ ఆర్టికల్ డైరెక్ట్ సెల్ గురించి, ఫొటో చూస్తే ఆ రెండో పద్ధతిది లాగా ఉంది. ఒక పెళ్లికార్డులో ఇంకో పెళ్లికూతురి ఫొటో వేసినట్టయింది.

ఆనోడ్‌కి ఏ లోహం పెట్టాలన్నదే దీంట్లో అసలు తలనొప్పి. ప్లాటినం పెడితే చురుగ్గా పని చేస్తుంది కానీ బుడగలు కూడా బాగా లేపుతుంది. నికెల్ చవక, కానీ ఎనిమిదికి నాలుగు ఎలక్ట్రాన్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే సగం సరుకు గాలికి. బంగారం పెడితే బుడగలు తక్కువ, ఎనిమిదికి దగ్గరగా వస్తుంది, 1999లో అమెండోలా అనే ఆయన టీం బంగారంలో కొంచెం ప్లాటినం కలిపి చేసి చూపించినారు, కానీ బంగారం మీద పని నెమ్మది, పైగా అసలు బుడగలు రావు అనుకున్నది కూడా తర్వాత పూర్తిగా నిజం కాదని తేలింది. ఆటో అబ్బాయికి బంగారం మాట చెప్తే, సామీ మా ఆవిడ మెడలో లేదు, ఆటోలో యాడ పెట్టేది అన్నాడు.

ఆ లాడ్జి మేనేజరు కోసం కూర్చొని లెక్క వేసినా, మీకు కూడా పనికొస్తుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంటుంది కదా, ఇద్దరం పట్టుకొని మెట్లెక్కిస్తే నడుం పట్టేసేది, దాంట్లో ఉండేది 1.8 యూనిట్ల కరెంటు. ఈ పొడి కిలోకి కాగితం మీద 9.3 యూనిట్లు. అంటే పావు కిలో కూడా అక్కర్లేకుండా మొత్తం బ్యాటరీకి సమానం, ఈ అంకె చూసే అందరూ పడిపోతారు, నేను కూడా మొదట పడిపోయినా. కానీ నిజంగా లోడు వేస్తే 1.64 వోల్టులు ఎవరికీ దొరకదు, 0.8 అనుకుందాం, ఎలక్ట్రాన్లలో నాలుగో వంతు బుడగలుగా పోయిందనుకుందాం, అప్పుడు అర కిలో దాటుతుంది. అది కూడా పది పర్సెంట్ ద్రవంగా కలపాలంటే అయిదు కిలోల పైన బరువు, మిగిలింది నీళ్లూ కాస్టిక్కే. లెడ్ యాసిడ్‌లో ఒక సెల్ 2 వోల్టులు, ఆరు పెడితే 12. దీంట్లో పదిహేను సెల్స్ వరసగా పేర్చాలి, పంపులు, పైపులు, ట్యాంకు. అయినా బరువులో బ్యాటరీ కన్నా తేలిక అవ్వచ్చు, ఒప్పుకుంటా, నేను ఈ సెల్‌కి శత్రువునేం కాదు. కానీ బ్యాటరీ ఖాళీ అయితే గోడకి పెట్టి నింపుకుంటాం, ఎంత పై స్లాబులో వేసుకున్నా పాతిక ముప్పై రూపాయలు. ఇక్కడ ప్రతిసారీ అర కిలో పొడి కొత్తగా కొనాలి, ల్యాబ్ సరుకుగా కొంటే ఆ పొడి కిలో వేలల్లో ఉంటుంది.

ఎందుకంత రేటు అంటే, ఆ పొడిలో కరెంటు ఊరికే రాలేదు సార్, ఎవరో ముందే కరెంటు పోసి పెట్టినారు. దాని పుట్టుక చూడండి. రెండో ప్రపంచ యుద్ధం టైంలో చికాగోలో ష్లెసింగర్, ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్రౌన్ దీన్ని కనుక్కున్నారు, బ్రౌన్‌కి బోరాన్ మీద చేసిన పనికి 1979లో నోబెల్ వచ్చింది. ఈ రోజుకీ పెద్ద ఎత్తున చేసేది ఎక్కువగా వాళ్ల పద్ధతిలోనే. ఉప్పుని కరిగించి కరెంటు పంపి సోడియం తీయాలి, ఆ సోడియానికి హైడ్రోజన్ ఎక్కించాలి, దాన్ని బోరాన్ ఉన్న ట్రైమిథైల్ బోరేట్‌తో 250 డిగ్రీల పైన కలపాలి. దీంట్లో నాలుగు సోడియంలు వేస్తే ఒక్కటే పొడిలో మిగులుతుంది, మూడు పక్కదారి పడతాయి. కిలో పొడికి రెండు కిలోల నాలుగు వందల గ్రాముల సోడియం మింగుతుంది. ఉప్పుని కరిగించి సోడియం తీయడానికి ఎంత కరెంటు కాలుతుందో మీ రిపోర్టర్ ఒక్క లైన్ రాసుంటే ఆటో అబ్బాయి నా షాపుకి వచ్చేవాడే కాదు.

బోరాన్ కూడా మనది కాదు, ప్రపంచంలో బోరాన్ నిల్వల్లో పెద్ద భాగం టర్కీలో ఉంది, మన దేశంలో లడఖ్‌లో పూగా లోయ దగ్గర కొంచెం ఉంది గానీ పరిశ్రమకి వాడేది దిగుమతే. తెలియనిదేం కాదు ఇది మనకి, కంసాలి నగ అతికించేటప్పుడు వేసే వెలిగారం ఉంటుంది చూడండి, అదే బోరాన్ ఉప్పు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ దాని తమ్ముడు. సెల్‌లో కరెంటు ఇచ్చేసిన తర్వాత మిగిలే బోరేట్ కూడా ఆ కుటుంబమే. "వ్యర్థం ఏమీ మిగలదు, నీరు మాత్రమే" అని మీరు రాసింది కూడా దిద్దుకోవాలి, నీళ్లతో పాటు కాస్టిక్‌లో బోరేట్ మిగులుతుంది, దాన్ని కాలవలో పోయకూడదు, బోరాన్ ఎక్కువైతే పైరుకి పడదు, మన వైపు బోరు నీళ్లు అసలే అంతంత మాత్రం.

ఇంకో బాధ ఏంటంటే బోరేట్ నీళ్లలో కరిగేది తక్కువ. పొడి వంద గ్రాముల నీళ్లకి యాభై గ్రాముల పైన కరుగుతుంది, బోరేట్ దాంట్లో సగమే. కాబట్టి చిక్కగా కలిపి ఎక్కువ కరెంటు తీద్దామనుకుంటే కొంతసేపటికి తెల్లగా గడ్డ కట్టి పైపుల్లో కూర్చుంటుంది, మా ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే ఉప్పు పొర లాగా. అటు కేథోడ్ వైపు గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ కాస్టిక్‌తో కలిసి కార్బొనేట్ అయి అక్కడ కూడా పొర కడుతుంది. మెంబ్రేన్ గుండా సోడియం అటు పోయేకొద్దీ కాస్టిక్ కూడా కేథోడ్ వైపు చేరి, ఆనోడ్ వైపు క్షారం తగ్గి, పొడి మళ్లీ నీళ్ల మీద కన్నేస్తుంది. అన్నీ ఒకదానికొకటి ముడి.

వాడిన బోరేట్‌ని తిరిగి పొడి చేయచ్చా అంటే చేయచ్చు, మెగ్నీషియం హైడ్రైడ్‌తో బాల్ మిల్లులో (గుండ్లతో నూరే మిల్లు) వేసి గంటల తరబడి తిప్పితే వస్తుంది. కానీ ఆ మెగ్నీషియం తీయడానికి మళ్లీ బోలెడు ఎనర్జీ. చుట్టూ తిరిగి అక్కడికే వస్తాం. 2001లో క్రిస్లర్ వాళ్లు నేట్రియం అని ఒక వ్యాన్ చూపించినారు, ఈ పొడి లోంచి హైడ్రోజన్ తీసి నడిచేది, అందరూ ఆహా అన్నారు. 2007కి అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ఈ దారి బండ్లకి వద్దు అని తేల్చేసింది. వాళ్లు ఆపింది గ్యాస్ తీసే పద్ధతిని, డైరెక్ట్ సెల్‌ని కాదు, కానీ పొడి ఖర్చు రెండిటికీ ఒకటే కదా.

మరి ఎందుకు పనికొస్తుంది అంటే, నా ఉద్దేశం చెప్తా. గాలి లేని చోట. గాలి బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ పెట్టొచ్చు, పుండు కడిగేదే, ఇంకా గట్టిది అనుకోండి. అప్పుడు నీళ్ల అడుగున తిరిగే డ్రోన్లు, అంతరిక్షంలో పెట్టే పరికరాలు, అక్కడ ఎవరూ కిలో రేటు అడగరు. రెండు వైపులా ద్రవమే కాబట్టి పెద్ద గ్యాస్ సిలిండర్ల బాధ లేదు, వోల్టేజీ కూడా ఇంకా పైకి పోతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎ.కె. శుక్లా గారి టీం 2004 ప్రాంతంలోనే పెరాక్సైడ్‌తో ఈ సెల్ మీద పేపర్లు వేసినారు, మన పక్క ఊరే కదా, మీ ఆర్టికల్‌లో అమెరికా జపాన్ ఉంది గానీ ఇది లేదు. 2019లో సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీలో విజయ్ రమణి గారి వాళ్లు ఆనోడ్ వైపు క్షారం, కేథోడ్ వైపు ఆమ్లం ఒకదానికొకటి కలవకుండా మైక్రో సైజులో అడ్డుగోడ లాంటిది కట్టి, 1.5 వోల్టుల దగ్గర చదరపు సెంటీమీటర్‌కి 330 మిల్లీ ఆంపులు తీసినారు. లోడు మీద 1.5 అంటే నేను పైన వేసిన 0.8 లెక్కకి దాదాపు రెట్టింపు, అది చిన్న విషయం కాదు. అట్లాంటివి రాయండి సార్, మేం చదువుతాం. ఏర్పేడు వైపు ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, ఊళ్లోనే ఎస్వీయూ ఉంది, ఆర్టికల్ వేసేముందు ఎవరో ఒక కెమిస్ట్రీ మాస్టారికి ఫోన్ చేసినా ఆ ఫొటో చూసి నవ్వుండేవాళ్లు.

ఇంకొక్క మాట, పిల్లలు మీ పేజీ చూసి ఇంట్లో ప్రయత్నిస్తామంటారు. ఇప్పటికే ఒక ఇంటర్ పిల్లోడు షాపుకొచ్చి ఆ పొడి యాడ దొరుకుతుంది తాతా అని అడిగినాడు. ఆ పొడి విషం, కాస్టిక్ కంట్లో పడితే కన్ను పోతుంది, హైడ్రోజన్ అగ్గిపుల్ల చూస్తే ఊరుకోదు. ఆ హెచ్చరిక ఒక ముక్క మీరు వేయలేదు, వేయండి.

దిద్దుబాటు వేసేటట్టయితే కొత్త ఫొటో వెతకొద్దు, ఆ ఫొటోనే మళ్లీ వేయండి, బాగానే తీసినాడు ఎవరో. కింద మాత్రం "సెల్‌కి అందకుండా పోతున్న హైడ్రోజన్" అని రాయండి. ఆటో అబ్బాయి తెచ్చిన కటింగ్ మా షాపు టేబుల్ గ్లాసు కిందే పెట్టినా. మీది వస్తే దాని పక్కన పెడతా, వాడు డిస్టిల్డ్ వాటర్ కోసం నెలకోసారి ఎట్లాగూ వస్తాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్,
తిరుపతి